జేబులో అనపకాయలు

హెసరఘట్ట గడ్డిమైదానం. ఆరు దాటి పది నిమిషాలు.
పన్నెండు డిగ్రీలంటే పెళ్ళికొడుకు నవ్వాడు,
ఢిల్లీలో చదివిన పిల్లవాడు:
"ఇదీ ఒక చలేనా మేడమ్?"
నవ్వు నాయనా,
నీ చేతిలో ఇనుము లేదు.

నా చేతిలో ఉంది, రెండు కిలోలు.
రాత్రంతా కారు డిక్కీలో పడుకుని
బావి అడుగు రాయిలా లేచింది.

గ్లవ్స్ లేవా అంటే ఉన్నాయి,
చిక్‌పేట ఫుట్‌పాత్ మీద అరవై రూపాయలవి.
తొడుక్కుంటే బటన్ తెలీదు,
తీసేస్తే వేలే తెలీదు.
చూపుడువేలికి, బొటనవేలికి
కొనలు కత్తిరించేశాను.
ఇప్పుడు ఆ రెండు వేళ్ళూ
బడి గేటు బయట నిలబెట్టిన పిల్లల్లా
లోపలికి చూస్తూ వణుకుతుంటాయి.

"చంకల్లో పెట్టుకో అక్కా" అంటాడు నంజుండ,
రిఫ్లెక్టర్ వెనక గాలికి దాక్కుని.
చంకలో ఖాళీ ఎక్కడ?
చలికి ఛార్జి చచ్చిపోతుందని
రెండు బ్యాటరీలను పొదుగుతున్నాను అక్కడ.
వాటికున్న యోగం వేళ్ళకు లేదు.

నాకు తెలిసిన ఉపాయం ఒకటే.
నాలుగింటికి లేచి
ఉప్పేసి అనపకాయలు ఉడకబెట్టి, నీళ్ళు వార్చి
పాత లుంగీగుడ్డలో మూటగట్టి
స్వెట్టర్ జేబుల్లో చెరిసగం.
అరగంట వరకు కుంపటి.
ఆ తర్వాత టిఫిను.

మా అమ్మ గంగరత్నమ్మకు ఈ బాధ లేదు.
హిందూపురంలో పంతొమ్మిదేళ్ళు
మరుగుతున్న బేసిన్‌లో పట్టుగూళ్ళ మధ్య
దారం కొస వెతికింది.
చలికాలం వస్తే వీధంతా కుళ్ళుకునేది:
"నీకేమ్మే, పొద్దంతా ఉడుకునీళ్ళలో చేతులు!"
రాత్రి ఆ చేతులు
దుప్పటి బయట పెట్టుకుని పడుకునేది,
ఎవరివో వస్తువులు దాస్తున్నట్టు.
ముద్ద కలపలేక స్పూన్‌తో తినేది.
రేషన్ షాపులో మిషన్ ఆమె బొటనవేలిని
మూడుసార్లు చూసి
ఎవరో తెలీదంది.

ఈ పొద్దున నా ఫోనూ అదే మాటంది.
వేలిముద్ర సరిపోలలేదు. మళ్ళీ ప్రయత్నించండి.
వేలి మీద ఊదుకున్నాను,
స్వెట్టర్‌కు రుద్దుకున్నాను.
సరిపోలలేదు.

మంచు లేస్తోంది. వెలుతురు నాలుగు నిమిషాలే,
ఆ తర్వాత గడ్డి మామూలు గడ్డి.
సగం నొక్కితే ఫోకస్, పూర్తిగా నొక్కితే ఫొటో.
సగమెక్కడో నా వేలికి తెలీడం లేదు.
టక్కుమన్న చప్పుడు విని
ఓహో, నొక్కానన్నమాట, అనుకుంటున్నాను.

చేతుల్లేని జాకెట్టులో పెళ్ళికూతురు చార్వి,
పెదవులకు రంగుంది, గోళ్ళ కింద నీలం.
"మేడమ్, నా చేతులు..."
అని ఆగింది.

దగ్గరికెళ్ళి
జేబు బోర్లించాను ఆమె దోసిట్లో.
ఆవిరి లేచింది కాస్త.
కళ్ళు మూసుకుంది. ఫొటోకు కాదు.
ఇదీ ఒక చలేనా అన్న పిల్లవాడు
మాట్లాడకుండా వచ్చి
ఆమె చేతుల మీద తన చేతులు మూశాడు.
అవీ వణుకుతున్నాయి.

నేనెప్పుడు వెనక్కి నడిచానో,
ఏ వేలితో నొక్కానో!

ఫొటో కొంచెం కదిలింది.
వాళ్ళకు నచ్చింది.
ఆ కాయలొక్కటి ఫొటోషాప్‌లో తీసేయమన్నారు,
వాటి బదులు గులాబీరేకులైతే బాగుంటుందట.
పెడతాను. పది నిమిషాల పని.

రెండో జేబులోవి నంజుండ తినేశాడు,
"సొగడు బాగుందక్కా" అని వాసన చూపిస్తూ.
షట్టర్ బటన్ మీద అనపతొక్కల జిగురు
ఇంకా అంటుకునే ఉంది.
తుడవడానికి లిక్విడ్ ఉంది, మెత్తటి గుడ్డ ఉంది.
రేపు కూడా నాలుగింటికే లేవాలి.